మనసు మీద రాసే ఉద్యోగం

“సైకాలజీ ఎం.ఏ. ప్యాసైన మా అమ్మాయి, మనస్తత్వ పరిశోధనల గురించి పత్రికల్లో రాస్తానంటోంది. మా వారేమో బి.ఇడి. చేసి టీచరువు కమ్మంటున్నారు. నేనేం చెప్పను?”
— ఒక తల్లి, కనగానపల్లి

రాయనివ్వండమ్మా. అమెరికాలో డేనియల్ గోల్‌మన్ హార్వర్డులో సైకాలజీ డాక్టరేటు పుచ్చుకుని, 1984 నుంచి 12 ఏళ్ళు న్యూయార్క్ టైమ్స్‌లో ఇదే పని చేశారు. 1995లో ఆయన రాసిన ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

అయితే తెలుగు పత్రికల్లో ఇందుకంటూ ప్రత్యేకమైన కొలువు అరుదు. మహీధర నళినీమోహన్ గారు ఢిల్లీలో జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తూనే తెలుగులో సైన్సు పుస్తకాలు రాశారు. కనుక మీ వారి మాటా కొట్టిపారేయదగింది కాదు. టీచరు రాయకూడదని ఎవరన్నారు?

ఒక్కటి మాత్రం అమ్మాయికి చెప్పండి. ప్రొఫెసరు చెప్పాడు కదా అని ఏదీ రాసేయకూడదు. 100 సైకాలజీ ప్రయోగాలను మళ్ళీ చేసి చూసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. మూడో వంతుకు కాస్త పైన మాత్రమే నిలబడ్డాయి! ఎంతమందిని పరీక్షించారు? వాళ్ళెవరు? అమెరికా కాలేజీ కుర్రాళ్ళ మీద తేలిన సంగతి ధర్మవరం మగ్గం ముందు కూర్చున్న మనిషికి వర్తిస్తుందా? ఇవి అడక్కుండా రాస్తే, అది చదివి ఏ తల్లో తన బిడ్డకు మందబుద్ధి అని తీర్మానించేసుకోగలదు.

మొదటి వ్యాసం ముందు మీకే చదివి వినిపించమనండి. మీకు బోధపడని మాట ఉంటే మార్చమనండి.