దాచిన వీర్యం.. దంపతుల ముందు దారులు

క్యాన్సర్ చికిత్సకు ముందు భద్రపరిచిన వీర్యంపై దేశంలోని రెండు హైకోర్టులు విచారణ జరిపాయి. లింఫోమాతో 2020 సెప్టెంబరులో మరణించిన అవివాహిత యువకుడి వీర్యాన్ని తల్లిదండ్రులకు అప్పగించాలని ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబరు 4న గంగారామ్ ఆసుపత్రిని ఆదేశించింది. 2025 జూన్‌లో బాంబే హైకోర్టుకు వచ్చిన వ్యాజ్యం దీనికి భిన్నమైనది. తాను మరణిస్తే వీర్యాన్ని పారవేయాలని రోగి స్వయంగా సంతకం చేశాడు. దాన్ని కాపాడాలని అతని తల్లి కోర్టును ఆశ్రయించారు. విచారణ ముగిసేవరకు భద్రపరచాలని న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

మరణించిన వారి విషయమై ఇంత చర్చ జరిగింది. వ్యాధిని జయించి, బతికి బట్టకట్టి, వివాహం చేసుకున్న వారి సంగతి మాత్రం ఆసుపత్రి గది దాటి బయటకు రావడం లేదు. దాచిన వీర్యంతో ఏ చికిత్స చేయించుకోవాలి, ఎప్పుడు చేయించుకోవాలి, ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నలకు మన జిల్లాల్లోని దంపతులకు సమాధానం చెప్పేవారు అరుదు.

ఒక్క రోజు పని

కీమోథెరపీ మందుల్లో కొన్ని, ముఖ్యంగా సైక్లోఫాస్ఫమైడ్, ప్రోకార్బజిన్ వంటివి, వీర్యకణాల ఉత్పత్తిని తీవ్రంగా దెబ్బతీస్తాయి. వృషణాలకు తగిలే రేడియేషన్ ప్రభావమూ అంతే. కొందరిలో రెండు మూడేళ్లకు ఉత్పత్తి తిరిగి మొదలవుతుంది. మరికొందరిలో ఎన్నటికీ కాదు. ఎవరిది ఏ కోవ అన్నది ముందుగా కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. అందుకే మొదటి మందు ఎక్కించకముందే వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల వద్ద భద్రపరచడం ఉత్తమమని వైద్యశాస్త్రం చెబుతోంది. ఈ అవకాశం గురించి రోగికి తెలియజేయాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2006లోనే మార్గదర్శకాలు వెలువరించింది.

నమూనా ఇవ్వడానికి పట్టేది ఒక్క రోజు. వీలుంటే రెండు మూడు రోజుల వ్యవధిలో మరో నమూనా. అయినా శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో కాగితాలు పట్టుకుని నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రికి చేరిన కుటుంబానికి ప్రాణం తప్ప మరో ఆలోచన ఉండదు. పెళ్లికాని కుర్రవాడి ముందు ఆ మాట ఎత్తడానికి తండ్రికి మొహమాటం, వైద్యునికి తీరిక లేకపోవడం. ఈ రెండింటి మధ్య ఆ ఒక్క రోజు జారిపోతోంది.

తరగని బావి కాదు

దాచుకున్నవారి పరిస్థితి వేరు. కాలం గురించి వారు అంతగా భయపడనక్కరలేదు. 1979లో పదిహేడేళ్ల వయసులో క్యాన్సర్ చికిత్సకు ముందు దాచిన వీర్యంతో, 21 ఏళ్ల తర్వాత చికిత్స చేసి బిడ్డను కనగలిగిన బ్రిటన్ దంపతుల ఉదంతాన్ని మాంచెస్టర్ వైద్యులు 2004లో ప్రచురించారు. లెక్క చూసుకోవలసింది వయల్స్ విషయంలోనే. ఎన్ని ఉన్నాయి, ఒక్కొక్క దానిలో కదిలే కణాలు ఎన్ని అన్న నివేదిక చేతికి రాకుండా ఏ చికిత్సకూ ఒప్పుకోరాదు.

సులువైన మార్గం ఐయూఐ. వీర్యాన్ని శుద్ధి చేసి, చురుకైన కణాలను సన్నని గొట్టం ద్వారా గర్భాశయంలోకి పంపుతారు. మత్తు అవసరం లేదు, ఖర్చు వేలల్లో ముగుస్తుంది. కానీ దీనికి కణాలు లక్షల్లో కావాలి. శుద్ధి తర్వాత కదిలేవి 50 లక్షలకు పైగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు, 10 లక్షల లోపైతే ఫలితం అరుదు. గడ్డకట్టించి కరిగించే క్రమంలో కదిలే శక్తి దాదాపు సగం పోతుంది. పైగా వృషణ క్యాన్సర్, హాడ్జ్‌కిన్ లింఫోమా రోగుల్లో చికిత్సకు ముందే కణాల సంఖ్య తక్కువగా ఉండటం పరిపాటి. ఒక్క ప్రయత్నానికి ఒక వయల్, ఒక్కోసారి రెండు ఖర్చవుతాయి.

రెండోది ఐవీఎఫ్. అండాలను వెలికితీసి ప్రయోగశాలలో వీర్యకణాలతో కలుపుతారు. ఇందులోనూ ఒక్కో అండం చుట్టూ వేలాది కణాలు ఉంచాలి. దాచిన వీర్యం విషయంలో ఎక్కువగా వాడుతున్నది దీనికి కొనసాగింపుగా బ్రస్సెల్స్ వైద్యులు 1992లో లోకానికి పరిచయం చేసిన ఇక్సీ పద్ధతి. సన్నని సూదితో ఒక్క కణాన్ని తీసి ఒక్క అండంలోకి చొప్పిస్తారు. పది అండాలకు పది మంచి కణాలు చాలు. ఒక వయల్‌లో కొంత భాగంతోనే పని జరుగుతుంది. ఖర్చు మాత్రం ఒక్కో ప్రయత్నానికి లక్ష దాటుతుంది, మందులతో కలిపి రెండు లక్షలకు పైగా కావడమూ మామూలే. ఫలితానికి పూచీ లేదు.

చాలా కేంద్రాలు నేరుగా ఇక్సీకే పంపుతున్నాయి. వయల్స్ ఒకటి రెండే ఉన్నప్పుడు, భార్య వయసు 35 దాటినప్పుడు, ఆమె ఫాలోపియన్ నాళాలు మూసుకుపోయినప్పుడు ఇది సరైన సలహాయే. ఐదారు మంచి వయల్స్ ఉండి, భార్యకు పాతికేళ్లు ఉంటే మాత్రం తొందరపాటు అనవలసి వస్తుంది. రెండు మూడు ఐయూఐ ప్రయత్నాలు చేసి, కనీసం సగం నిల్వను ఇక్సీ కోసం అట్టే పెట్టుకోవడం ఇంటి లెక్కకూ, వైద్య లెక్కకూ సరిపోతుంది.

అన్నింటికన్నా ముందు భర్తకు ఇప్పుడు వీర్య పరీక్ష చేయించాలి. ఈ చిన్న పని మరచిపోతున్నారు. అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో వృషణ క్యాన్సర్ చికిత్సకు ముందు వీర్యం దాచుకున్నాడు. 1999లో ఒకరు, 2001లో కవలలు ఆ వీర్యంతోనే పుట్టారు. 2009లో మరో బిడ్డ ఏ చికిత్సా లేకుండా సహజంగా కలిగాడు. ఉత్పత్తి తిరిగి మొదలై, క్యాన్సర్ వైద్యుడు సూచించిన గడువు పూర్తయి ఉంటే దాచిన వయల్స్‌ను ముట్టనవసరమే రాకపోవచ్చు.

జబ్బు ఒకరిది, సూదులు ఒకరికి

ఇక్సీని ఎంచుకుంటే భార్య పదిరోజులకు పైగా హార్మోను ఇంజక్షన్లు తీసుకోవాలి. మత్తు ఇచ్చి అండాలు తీస్తారు. కొందరిలో అండాశయాలు ఉబ్బి, కడుపులో నీరు చేరి ఆసుపత్రిలో ఉండవలసి వస్తుంది. ఆమె పూర్తి ఆరోగ్యవంతురాలు. లోపం ఆమెది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా భర్త జబ్బును గుట్టుగా ఉంచిన కుటుంబాల్లో "ఇంకా ఏమీ లేదా?" అన్న ప్రశ్న ఎదురయ్యేది కోడలికే. ఏ చికిత్స, ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి అన్నది అత్తమామలూ వైద్యుడూ కలిసి తేల్చే వ్యవహారంగా మారడం అన్యాయం. శరీరం ఎవరిదో తుది మాట వారిదే కావాలి.

పుట్టే బిడ్డకు క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం అనేక ఇళ్లలో ఉంది. చాలా క్యాన్సర్లు వంశపారంపర్యమైనవి కావు. రెటినోబ్లాస్టోమా వంటి కొన్నింటిలో మాత్రం చికిత్సకు ముందే జన్యు సలహా తీసుకోవాలి.

కాగితాల సంగతి

సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం 2022 జనవరి 25 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం భార్య వయసు 21 నుంచి 50, భర్త వయసు 21 నుంచి 55 ఏళ్ల మధ్య ఉండాలి. దాత కణాలను, పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచరాదు. రోగి తన కోసం దాచుకున్న వీర్యాన్ని ఈ నిబంధన పేరెత్తి ప్రస్తావించలేదు. పదిహేడేళ్లకు దాచి ముప్పయ్యేళ్లకు వివాహమాడే యువకుడికి ఇది చిన్న విషయం కాదు. నిల్వ గడువు ఎంతో కేంద్రం నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. మరణిస్తే ఏం చేయాలన్న గడిని తొందరలో నింపితే ఏమవుతుందో బాంబే వ్యాజ్యం చూపింది.

కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలన్నది పాత మాటే. 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం ద్వారా బిడ్డను పొందిన దంపతులు, ఆ బిడ్డ తమది కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలడంతో పోలీసులను ఆశ్రయించారు. ఆ తర్వాత ఈ మాటను ఎవరూ తేలికగా తీసుకోలేరు. వయల్ మీద పేరు, నంబరు, తేదీ ఉన్నాయో లేదో కరిగించే రోజున దంపతులు స్వయంగా చూడవచ్చు, చూపించమని అడగవచ్చు.

క్యాన్సర్ చికిత్సకు ప్రభుత్వ పథకాలు ఆదుకుంటున్నాయి. ఆయుష్మాన్ భారత్ మాత్రం సంతాన సాఫల్య చికిత్సలను సాధారణంగా మినహాయింపుల జాబితాలో ఉంచింది. ప్రాణం కాపాడిన ప్రభుత్వం ఒక్క నమూనాను భద్రపరిచే ఖర్చును కూడా అదే ప్యాకేజీలో చేర్చితే ఖజానాకు కలిగే భారం స్వల్పం. ప్రస్తుతానికి ఏటా నిల్వ రుసుము కుటుంబమే కట్టుకోవాలి. ఫోను నంబరో, చిరునామానో మారితే ఆ సంగతి బ్యాంకుకు తెలియజేసి రసీదు తీసుకోవాలి. గడువు గుర్తుచేసే ఉత్తరం వచ్చేది ఆ చిరునామాకే.