బోరునీటిలోని యురేనియమును కొలిపింపుడు
పెద్దపల్లి జిల్లా ప్రజలకు విజ్ఞప్తి

రేడియోధార్మికత యనగానే మన తలపు చెర్నోబిల్‌కును ఫుకుషిమాకును పరుగెత్తును. అట్టి విపత్తు మన జిల్లాకు రాలేదు. వచ్చునని భయపెట్టుటకు ఈ కరపత్రము వ్రాయబడలేదు. కాని పేలుడు లేకయే, ప్రమాదఘంట మ్రోగకయే, భూమిలోని రాతి పగుళ్ళనుండి యురేనియము కొద్దికొద్దిగా కరగి త్రాగునీటిలో చేరుట మాత్రము మన రాష్ట్రమున రుజువైన సంగతి. కేంద్ర భూగర్భజల మండలి 2020లో వెలువరించిన నివేదికలో, లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దును మించిన యురేనియము గల నీరు బయటపడిన రాష్ట్రములలో పంజాబు, హర్యానాలతోపాటు తెలంగాణయు నున్నది. మీ ఊరి బోరులో ఇది ఎంత యున్నదని అడిగినచో బదులు చెప్పగలవారెందరు?

మన జిల్లా దక్షిణభాగమున, పెద్దపల్లి సుల్తానాబాదు ప్రాంతములందు, నేలక్రింద గ్రానైటు పరచుకొని యున్నది. గ్రానైటు ఎక్కడ నుండునో అక్కడ స్వల్పముగనైనను యురేనియము సహజముగా నుండును. చేదబాయిల కాలమున మనము పైపొరల నీటినే త్రాగితిమి; నేడు బోరుబండి రాతి లోపలి పగుళ్ళను వెదకుచు వందల అడుగులు దిగుచున్నది, ఆ పగుళ్ళలో ఏండ్ల తరబడి రాతిని తాకుచు నిలిచిన నీటిని మనము నేరుగా చెంబులోనికి వంచుకొనుచున్నాము. దీనికి మన సేద్యమును కొంత తోడైనదేమో విచారింపవలసియున్నది. కాకతీయ కాలువ క్రింద రెండు పంటలు పండించు పొలములలో చల్లిన యూరియా అంతయు పైరునకు చేరదు. మిగిలినది నైట్రేటుగా మారి భూమిలోనికి ఇంకును. నైట్రేటు హెచ్చిన నీటిలో యురేనియము హెచ్చుగా కరగి యుండునని అమెరికాలోని భూగర్భజల పరిశోధనలు చూపినవి.

ఇక రామగుండము బొగ్గు విద్యుత్కేంద్రము మాట. 1978లో శంకుస్థాపన జరిగి, 1983లో మొదటి యూనిటు నడిచి, 2600 మెగావాట్లకు పెరిగిన ఆ విద్యుత్కేంద్రము దేశమునకు చేసిన మేలును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అయితే బొగ్గులో అత్యల్పముగా నుండు యురేనియము, థోరియములు బొగ్గు మండిన పిదప బూడిదలో సాంద్రతరమై మిగులునని ప్రతి రసాయన విద్యార్థికిని తెలియును. బూడిద కణములు గాజువలె గట్టిపడి వీనిని చాలవరకు తమలో బంధించి యుంచునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ మాటను నమ్ముటకు నాకు అభ్యంతరము లేదు. కాని ఆ కేంద్రపు కుందనపల్లి బూడిద చెరువు చుట్టును నివసించు రైతునకు కావలసినది సాధారణ సిద్ధాంతము కాదు, తన బావి నీటి పరీక్షాఫలము. కడపజిల్లా తుమ్మలపల్లెలో యురేనియము శుద్ధి కర్మాగారపు వ్యర్థముల చెరువు సమీపమున రైతులు తమ బోరునీరు చెడినదని మొరపెట్టుకొనగా ఏండ్లతరబడి వాదప్రతివాదములే నడచినవి. కర్మాగారమునకు ముందే ప్రతి బావి నీటిని కొలిచి ఆ అంకెలను ఊరి చేతిలో నుంచినచో అంత వాదమునకు తావెక్కడిది?

యురేనియమువలన ముఖ్యముగా దెబ్బతినునది మూత్రపిండము. త్రాగునీటి విషయమున దాని కిరణములకంటె దాని లోహవిషమే మొదటి శత్రువు. అణుప్రమాదములలో వెలువడు అయోడిన్-131 ఎనిమిది దినములలో సగమగును, కొన్ని వారములు ఓపికపట్టిన అది దాదాపు నశించును. యురేనియము సగమగుటకు సుమారు 450 కోట్ల ఏండ్లు పట్టును గనుక నిరీక్షణ ఇచ్చట ఉపాయము కానేరదు. నీటిని మరిగించుటయు నిష్ఫలము: సూక్ష్మక్రిములు చచ్చును, నీరు ఆవిరియై తగ్గును, లోహము గిన్నెలోనే మిగిలి మరింత చిక్కనగును. క్లోరిను దీనిని తాకదు. మన ఊళ్ళలో 20 లీటర్ల క్యాను అమ్మువారు టీడీఎస్ మీటరు ముంచి చూపి ‘శుద్ధమైన నీళ్ళు’ అనుట కద్దు. ఆ మీటరు లీటరులో కరగిన లవణములన్నిటిని కలిపి మిల్లీగ్రాములలో చెప్పును, మనము పట్టుదలగా వెదకవలసినది 30 మైక్రోగ్రాములు, అనగా మిల్లీగ్రాములో నూటికి మూడు వంతులు మాత్రమే. ఆ మీటరును చూచి ధైర్యపడుట తూకపు రాళ్ళ త్రాసులో చీమను తూచుట వంటిది.

ఆర్.ఓ. యంత్రము యురేనియమును చాలవరకు వడకట్టుననుట నిజమే. కాని వడకట్టబడినది మాయమగునా? పొర ఆవలనున్న వృథానీటిలో చేరి, ప్లాంటు వెనుక కాలువలో పారి, తిరిగి ఆ నేలలోనికే దిగును. కావున మంచి మార్గము, సాధ్యమైనచోట, మూలమునే మార్చుట. చెర్నోబిల్ పిదప కీవ్ నగరము నీపర్ నదికి తోడు దేస్నా నది నీటిని తెచ్చుకొన్నది. మనకు దేస్నా వెదకనక్కరలేదు: ఎల్లంపల్లి జలాశయపు గోదావరినీరు హైదరాబాదు వరకు పోవుచున్నది, మిషన్ భగీరథ గొట్టములు మన వాడలకును వచ్చినవి. అయినను నల్లా నీళ్ళు రుచించవనియో, వేళకు రావనియో, బోరుమోటారు మీట నొక్కువారు ఇంకను పలువురు గలరు.

ఫుకుషిమా ప్రమాదము పిదప 2011 మార్చిలో టోక్యోలోని కనమాచి శుద్ధికేంద్రపు నీటిలో లీటరుకు 210 బెకరెల్‌ల రేడియోధార్మిక అయోడిను కనబడగా, శిశువులకు నిర్ణయించిన 100 హద్దును మించినదని, పసిపిల్లల పాలలో ఆ నీరు కలుపవద్దని అధికారులు వెంటనే చాటించిరి; మరునాడు కొలత తగ్గగానే ఆ ఆంక్షను ఎత్తివేసిరి. భయమును అణచినది అచ్చట ధైర్యవచనము కాదు, బహిరంగముగా ప్రకటింపబడిన అంకె.

మన కోరికయు అదియే. జిల్లాలో త్రాగుటకు వాడు ప్రతి పంచాయతి బోరు, పాఠశాల బోరు, అంగన్‌వాడి బోరు, నీళ్ళ ప్లాంటు మూలపు బోరు యురేనియమునకై పరీక్షింపబడవలెను. ఎల్‌ఇడి ఫ్లోరిమీటరుతో చేయు ఈ పరీక్ష అసాధ్యమైనది కాదు. దేశవ్యాప్తముగా జరిగిన నమూనాల పరీక్షలో ఆ పరికరము వాడబడినది. భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో త్రాగునీటి ప్రమాణమున చేర్చిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, అణుశక్తి నియంత్రణ మండలి చెప్పినది 60; పంచాయతి తక్కువ అంకెనే పట్టుకొనవలెను, ఎక్కువ అంకెను తలచుకొని తృప్తిపడుట బిడ్డలున్న ఇంటివారికి తగదు. ఫలితమును వాటర్ ట్యాంకుపై తేదీతో రంగున వ్రాయవలెను. హద్దు దాటిన బోరును బట్టలుతుకుటకును పశువుల కొట్టము కడుగుటకును వదలి, త్రాగుటకు మాత్రము మూసి, ఆ వాడకు నల్లానీటి సరఫరాను ముందుగా సరిచేయవలెను. బూడిద చెరువు పరిసరములలోని బావుల పరీక్షలు ఏటేట గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఆర్.ఓ. ప్లాంటువారు శుద్ధినీటిని మాత్రమే గాక వృథానీటిని ఎక్కడ విడుచుచున్నారో చూపి అనుమతి పొందవలెను.

రాబోవు గ్రామసభలో ఈ తీర్మానమును ఎవరైనను ప్రతిపాదింపవచ్చును. జవాబు రానిచో సమాచారహక్కు చట్టము క్రింద మీ ఊరి పాత ఫలితములేవైన నున్నవేమో అడుగుడు. నమూనా తీయునప్పుడు మోటారును కొంతసేపు నడిపించి, గొట్టములో నిలిచిన నీరు పోయిన పిదప సీసా నింపి, దానిపై బోరు లోతును, తేదిని వ్రాయుడు. వేసవిలో మట్టము అడుగంటినప్పుడు ఒకసారి, వానకాలము ముగిసిన పిదప ఒకసారి తీయనిదే ఆ బోరు సంగతి పూర్తిగా తెలియదు.