ఆరేళ్ల తర్వాత తలుపు తట్టారు!

ప్రాణస్నేహితుడు మత్తుమందుకి బలైపోయాడు. అతని స్థానంలో వచ్చిన కుర్రాడూ అదే దారి పట్టాడు. ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? 'వాడి ఖర్మ' అని వదిలేస్తారు. 'రెడ్ హాట్ చిలీ పెప్పర్స్' మాత్రం ఆరేళ్ల తర్వాతైనా వెళ్లి అతని తలుపు తట్టింది.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఫెయిర్‌ఫాక్స్ హైస్కూల్ స్నేహితులు వాళ్లు. ఆంథొనీ కీడిస్ గాయకుడు. హిల్లెల్ స్లోవాక్‌ది గిటార్, జాక్ ఐరన్స్‌ది డ్రమ్స్. ట్రంపెట్ వాయించుకునే ఫ్లీ చేత బేస్ గిటార్ పట్టించింది హిల్లెలే. సరదాగా ఒక్క ప్రదర్శన ఇద్దామనుకున్నారు. అది కాస్తా జీవితమైపోయింది. నల్లజాతి సంగీతకారులు ప్రాణం పోసిన ఫంక్‌లో బేస్, డ్రమ్స్ కలిసి కాలు నిలవనివ్వవు. దానికి రాక్ గిటార్ హోరు కలిపితే ఫంక్ రాక్. అదే వీళ్ల బాణీ.

1988 జూన్‌లో హెరాయిన్ హిల్లెల్‌ని పొట్టన పెట్టుకుంది. అప్పటికి అతనికి 26 ఏళ్లు. ఆ దెబ్బకి జాక్ బృందాన్నే వదిలేశాడు. కీడిస్ కూడా ఆ మత్తులో కూరుకుపోయినవాడే!

హిల్లెల్‌ని ఆరాధించే 18 ఏళ్ల జాన్ ఫ్రుషాంటే గిటార్ అందుకున్నాడు. చాడ్ స్మిత్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. కీడిస్ తన ఒంటరితనం గురించి రాసుకున్న కవిత నిర్మాత రిక్ రూబిన్ కంటపడింది. అదే 'అండర్ ద బ్రిడ్జ్' పాటయింది. 1992లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండోస్థానానికి చేరింది. అయితే ఆ కీర్తే జాన్‌కి ఊపిరాడనివ్వలేదు. అదే ఏడాది జపాన్ పర్యటన మధ్యలోనే బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. తర్వాత హెరాయిన్ అతన్ని గుర్తుపట్టలేనంతగా పిండేసింది. పళ్లు పాడయ్యాయి, చేతుల నిండా మచ్చలు.

1998లో అతను చికిత్స తీసుకుని బయటికొచ్చాక, ఫ్లీ అతనింటికి వెళ్లి 'మళ్లీ వస్తావా?' అనడిగాడు. వచ్చాడు. వాయించి చాలాకాలమవడంతో వేళ్లలో పట్టు లేదు. అయినా ఎవరూ తొందరపెట్టలేదు. ఫ్లీ ఇంటి గ్యారేజీలో మళ్లీ సాధన మొదలుపెట్టారు. 1999లో వచ్చిన 'కాలిఫోర్నికేషన్' కోటికిపైగా అమ్ముడైంది.

2009లో జాన్ మళ్లీ వెళ్లాడు, ఈసారి సొంత సంగీతం కోసం. పదేళ్లు గిటార్ వాయించిన జోష్ క్లింగ్‌హాఫర్‌ని పక్కన పెట్టి మరీ 2019లో జాన్‌ని పిలిచారు. జోష్‌కి అది కష్టమే కదా! 2022లో జాన్‌తో చేసిన రెండు ఆల్బమ్‌లూ బిల్‌బోర్డ్ ఆల్బమ్ అమ్మకాల పట్టికలో మొదటిస్థానంలో నిలిచాయి.

2012లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈ బృందం పేరు చేరినప్పుడు హిల్లెల్ పేరూ ఉంది, అతను లేడు. పోయినవాణ్ని తెచ్చుకోలేం. ఉన్నవాడి తలుపైతే తట్టొచ్చు. మీకు తెలిసినవాళ్లలోనూ అలాంటి తలుపు ఒకటి ఉందేమో... ఓసారి గుర్తుచేసుకోండి.