పంట అమ్మే ముందు మన ఇంటి పెద్దవాళ్ళ కంచం చూద్దాం



ఈ మధ్య మన స్టాళ్ళ దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట బాగా తిరుగుతోంది. ఫలానా నల్ల బియ్యం తింటే మతిమరుపు పోతుందట, ఫలానా కషాయం తాగితే అల్జీమర్స్ దగ్గరికే రాదట. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఈ మాట మనం అనకూడదు. అనకపోయినంత మాత్రాన మన పంట విలువేమీ తగ్గదు. అంటే మాత్రం ఒక ఇంటికి అన్యాయం జరుగుతుంది. పెద్దాయనకి మతిమరుపు మొదలైతే కారణం బి12 లోపం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, మనసు కుంగిపోవడం కావచ్చు. ఇవి పరీక్షలో తేలేవి, మందుకు లొంగేవి. మన బియ్యాన్ని నమ్ముకుని ఆ ఇంటివాళ్ళు ఒక ఏడాది ఆగిపోతే, ఆ ఏడాదిని మనం తిరిగి ఇవ్వలేం.

మరి తిండికీ మెదడుకీ సంబంధమే లేదా అంటే, ఉంది. గట్టిగానే ఉంది. కాకపోతే మనం ప్రచారం చేసుకుంటున్న చోట కాదు, వేరే చోట ఉంది.

ముందు లెక్క చూడండి. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం ఆధారంగా 2023లో అంచనా వేశారు. మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. కాబట్టి "మనది పల్లె గాలి, ఇంటి తిండి, మనకేమొస్తుంది" అనే ధీమా పనికిరాదు. పల్లెలో దీనికి చాదస్తం అని పేరు పెట్టి వదిలేస్తున్నాం, అంతే.

ఇక అసలు విషయం. మనిషి మరుపులో పడడానికి చాలా ముందే ఒళ్ళు చెబుతుంది. "ఈ మధ్య బాగా తగ్గిపోయాడు" అంటామే, అదే. డాక్టర్లు దాన్ని ఫ్రెయిల్టీ అంటున్నారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం దీనికి ఐదు గుర్తులు పెట్టింది. అనుకోకుండా ఏడాదిలో నాలుగున్నర కిలోలు, ఆ పైన బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గిపోవడం. వీటిలో మూడు ఉంటే ఫ్రెయిల్టీ వచ్చినట్టు. ఒకటో రెండో ఉంటే వచ్చే దారిలో ఉన్నట్టు. 2024లో అమెరికా, బ్రిటన్‌లలో దాదాపు 30 వేల మంది వివరాలు కలిపి చూస్తే, డిమెన్షియా బయటపడడానికి 4 నుంచి 9 ఏళ్ళ ముందే ఈ సడలింపు వేగం పెరుగుతోందని తేలింది. మెదడులో మొదలైన జబ్బే ఒంటిని కొంత తగ్గిస్తుండొచ్చు, ఒళ్ళు తగ్గడం మెదడుకి చేటు చేస్తుండొచ్చు. ఏది ముందైనా మనకి అర్థమయ్యేది ఒకటి: ఆ నాలుగైదేళ్ళు మనం కళ్ళు తెరిచి చూడాల్సిన కాలం. మొక్క ఆకు రంగు మారగానే వేరు దగ్గర మట్టి తీసి చూసే మనం, ఇంట్లో మనిషి వడలిపోతుంటే వయసులే అని ఊరుకుంటున్నాం.

ఇప్పుడు పెద్దవాళ్ళ కంచంలోకి చూద్దాం. "ఈ వయసులో ఏం తింటాంలే, ఇంత మజ్జిగన్నం చాలు" అనే మాట మన ఇళ్ళలో వినిపిస్తూనే ఉంటుంది. 50 కిలోల బరువున్న అమ్మమ్మ రోజు మొత్తానికి 200 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, కాసిని మజ్జిగ, రెండు టీలలో పడే పాలు, ఆవకాయ బద్ద తీసుకుందనుకోండి. బియ్యంలో 15 గ్రాములు, పప్పులో నాలుగున్నర, పాలు మజ్జిగల్లో ఐదు, మొత్తం మాంసకృత్తులు 25 గ్రాములు కూడా దాటవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క కిలో బరువుకి 0.83 గ్రాములు, అంటే ఆమెకి 42 గ్రాముల దాకా. పెద్దవయసు వాళ్ళకి కండ నిలబడాలంటే కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ప్రాట్-ఏజ్ అనే నిపుణుల బృందం చెప్పింది, అంటే 50 నుంచి 60. ఆమె తినేది అందులో సగం. పైగా పచ్చళ్ళ మీద నడిచే భోజనంలో ఉప్పు ఎక్కువ, బీపీకి అదొకటి.

ఈ లోటు పూడ్చడానికి డబ్బా పొడులు కొనక్కర్లేదు. మన గట్టు మీద, మన దొడ్లో ఉన్నదే చాలు. కంది పప్పు 50 గ్రాములు, మొలకెత్తిన పెసలో ఉలవలో ఒక గుప్పెడు, వేరుశనగ 30 గ్రాములు, నాటుకోడి గుడ్డు ఒకటి, పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లు, అన్నం 150 గ్రాముల బియ్యానిది. లెక్క 50 దాటుతుంది. గుడ్డు తినని ఇంట్లో పప్పు, పెరుగు కొంచెం పెంచండి. పళ్ళు లేనివాళ్ళకి పప్పు మెత్తగా ఉడికించి, నువ్వులు, వేరుశనగ పొడి చేసి, రాగి జావలో పాలు పోసి ఇవ్వాలి. ఉలవచారు పైన తేట ఒక్కటే పోస్తే లాభం లేదు, ఉడికిన ఉలవలు కూడా మెత్తగా నూరి కలపాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగాకే ఇవన్నీ పెంచాలి.

కానీ తిండి పెట్టినంత మాత్రాన కండ రాదు. 1994లో బోస్టన్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్న 100 మందిని తీసుకున్నారు, సగటు వయసు 87 ఏళ్ళు. కొందరికి బలమైన ఆహారం ఇచ్చారు, కొందరితో కాళ్ళకి బరువులు పెట్టి వ్యాయామం చేయించారు, కొందరికి రెండూ. పది వారాల్లో వ్యాయామం చేసినవాళ్ళ కండబలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా ఆహారం మాత్రమే తీసుకున్నవాళ్ళకి బలం పెరగలేదు. ఎనభై ఏడేళ్ళకి కూడా కండ మాట వింటుంది, కాకపోతే దానికి పని చెప్పాలి. మన ఊళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. కొడుకు చేతికి పొలం వచ్చిన రోజే నాన్నకి అరుగు ఇచ్చేస్తాం. "ఇన్నాళ్ళు కష్టపడ్డావు, ఇక కూర్చో" అంటాం. ప్రేమతోనే అంటాం, కానీ ఆ కూర్చోవడమే మనిషిని తగ్గించేస్తుంది. విత్తనాలు ఏరడం, నారుమడి చూడడం, ఘనజీవామృతం ఉండలు కట్టించడం, పాదులకి నీళ్ళు పెట్టడం, ఆయన చేయగలిగిన పని ఆయనకి ఉంచాలి.

బి12 గురించి మన వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. జీవామృతంతో పెంచిన ఆకుకూరల్లో బి12 వస్తుందని కొందరు చెప్తున్నారు. దాన్ని నమ్ముకోవద్దు. బి12ని మొక్క తయారు చేయదు, సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. ఆవు కడుపులో సూక్ష్మజీవులు చేసిన బి12 మనకి పాలల్లో అందుతుంది. గుడ్డు, చేప, మాంసం మిగతా దారులు. వయసు మీద పడ్డాక కడుపులో ఆమ్లం తగ్గి, తిన్న బి12 కూడా సరిగ్గా ఒంటికి పట్టదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి ఏళ్ళ తరబడి మాత్రలు వాడేవాళ్ళలో ఇంకా తగ్గుతుంది. అరికాళ్ళ తిమ్మిరి, తూలడం, మతిమరుపు దీని గుర్తులు. చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది, ఇంజెక్షనో మాత్రో చాలు. ఆలస్యమైతే మాత్రం నరాలకి జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు. "మేం రసాయనాలు ముట్టం" అని ఇక్కడ పట్టుబట్టడం తప్పు. నేలలో జింకు లోపిస్తే పైరు చెప్పినట్టు ఒళ్ళు చెబుతోంది, వినాలి.

ఆహారం ఒక్కటే మెదడుని కాపాడుతుందా? 2023లో అమెరికాలో 604 మంది పెద్దవాళ్ళకి మైండ్ డైట్ అనే ఆహారపద్ధతిని మూడేళ్ళు పాటింపజేసి, మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవాళ్ళతో పోల్చారు. జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే ఫిన్లాండ్‌లో 2015లో వెలువడిన ఫింగర్ పరిశోధనలో 1260 మందితో రెండేళ్ళు ఆహారం, వ్యాయామం, మెదడుకి పని, బీపీ షుగర్ల అదుపు నాలుగూ కలిపి చేయించారు. అక్కడ ఫలితం కనిపించింది. మన వ్యవసాయంలో కూడా అంతే కదా. ఒక్క జీవామృతం పోసి, ఆచ్ఛాదన లేకుండా, నవధాన్యాలు చల్లకుండా పంట రాలేదంటే ఎవరి తప్పు? ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా 14 కారణాలతో ముడిపడి ఉన్నాయని లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది. బీపీ, షుగర్, పొగాకు, మద్యం, కదలకపోవడం అందులో ఉన్నాయి. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం కూడా ఉన్నాయి. చెవి వినపడక పలకరింపులకి దూరమైపోయిన తాతకి సిరిధాన్యాల కన్నా ముందు వినికిడి మిషన్ కావాలి, శుక్లాల ఆపరేషన్ కావాలి, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి కావాలి.

"మా తాత ఈ లెక్కలేవీ లేకుండా తొంభై ఏళ్ళు బతికాడు" అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ ఆయన రోజంతా పొలంలో ఉండి, ఆ ఆకలికి తగ్గట్టు జొన్నసంకటి, పప్పు, పాడి పుష్కలంగా తిన్నాడు. ఆ పనీ ఆ తిండీ రెండూ పోయి, ఆ ధైర్యం ఒక్కటే మనకి మిగిలింది. పైగా తొంభై చూసిన తాత కథలు మనకి చెప్పేవాళ్ళున్నారు, యాభైకే పోయినవాళ్ళ కథ చెప్పేవాళ్ళు లేరు.

మరి మన చేతిలో ఏముంది? మన రైతు సంఘాలు, మహిళా సంఘాలు ఏడాదికి రెండుసార్లు, ఖరీఫ్ ముందు, రబీ ముందు, ఊళ్ళో పెద్దవాళ్ళందరి బరువు రాసిపెట్టాలి. కుర్చీలోంచి చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. 12 సెకన్లు, ఆ పైన పడితే జాగ్రత్త పడాలని 2019లో ఆసియా దేశాల నిపుణులు చెప్పారు. పిక్క చుట్టుకొలత టేపుతో చూడాలి, మగవాళ్ళకి 34 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 33 కన్నా తగ్గితే అదీ హెచ్చరికే. ఈ పరీక్షలు ఎలా చేయాలో పైన వీడియోలో చూపించాం. తేడా కనిపించినవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళి బీపీ, షుగర్, బి12, థైరాయిడ్ చూపించాలి. నమ్మకం లేని ప్రచారాల మీద పెట్టే సమయంలో పదో వంతు చాలు దీనికి.

విషం చల్లకుండా పండించడం మంచిదే. పురుగు నరాల మీద పనిచేసే మందులు మన నరాల మీద కూడా పనిచేస్తాయి, వాటిని మానడం చల్లే మనిషికి ముందు మేలు. కొర్రలు, అండుకొర్రలు, దంపుడు బియ్యం షుగర్‌ని అదుపులో పెట్టుకోవడానికి సాయపడతాయి, ఆ దారిన మెదడుకీ మేలే. ఈ మాట ధైర్యంగా చెప్పి అమ్ముదాం. ఇంతకు మించి చెప్పొద్దు. మంచి కందులు పట్నానికి పంపి, ఇంట్లో పెద్దవాళ్ళకి చారునీళ్ళు పోసే వ్యవసాయం ఎంత ప్రకృతి వ్యవసాయమైనా అది సగమే. ఈసారి కందులు ఇంటికొచ్చాక అమ్మకానికి తూచే ముందు, అవ్వకీ తాతకీ ఏడాదికి సరిపడా పక్కన తీసిపెట్టండి. మనిషికి రోజుకి 50 గ్రాముల లెక్కన ఇద్దరికీ కలిపి ముప్పై ఆరున్నర కిలోలు, అంతే.