రాతప్రతి ఎక్కడుంది?

పత్రికకు వచ్చే టపా విప్పే పని నాకు పాతికేళ్లుగా అలవాటు. "కాగితానికి ఒకవైపే రాయాలి. తిరుగు టపాకు స్టాంపులు అతికించిన కవరు జతపరచాలి. రచన సొంతమేనని, అనువాదమో అనుసరణో కాదని హామీపత్రం ఉండాలి" అని ఒకప్పుడు ప్రతి సంచికలోనూ వేసేవాళ్లం. ఆ మూడు నియమాల్లో ఇవాళ అందరికీ వర్తించేది హామీపత్రం ఒక్కటే. ఇప్పుడు మాకు అందే కథల్లో సగానికి పైగా ఫోనులో రాసినవే.

మొన్నామధ్య శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి అంగన్‌వాడీ టీచరొకామె కథ పంపారు. 22 పేజీల వర్డ్ ఫైలు. చదివి ఉండబట్టలేక ఫోన్ చేశాను. ఎక్కడ టైపు చేయించారమ్మా అని అడిగితే, "చేయించడమేంటి సార్, నేనే కొట్టుకున్నాను. కాగితం మీద రాస్తే పిల్లలు చింపేస్తారు. ఫోనైతే రాత్రి అందరూ పడుకున్నాక దిండు పక్కన పెట్టుకుని రాసుకుంటాను" అన్నారు. ఆ ఇంట్లో కంప్యూటరు లేదు, రాసుకోవడానికి బల్లా లేదు. పదిహేనేళ్ల కిందటైతే ఈ కథ చేతిరాతలో ఉండేది. పట్నం వెళ్లి డీటీపీ సెంటర్లో పేజీకింతని ఇచ్చి కొట్టించాలి, తప్పులు దిద్దించడానికి మళ్లీ బస్సెక్కాలి. అంత దూరం రాకుండానే ఆగిపోయిన కథలు ఎన్నో ఊహించలేను. ఈమె కథ మాత్రం ఈ సంచికలో చదవబోతున్నారు.

ఆమె వాడిన వర్డ్ ఫోనులోకి ఊరికే ఎలా వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి. వర్డ్ ఒక భాగంగా ఉన్న ఆఫీస్ మైక్రోసాఫ్ట్‌కు ఏళ్ల తరబడి పాడిగేదె. ఈలోగా 2006లో గూగుల్ డాక్స్ మొదలై బ్రౌజరులో రాసుకోవడాన్ని ఉచితం చేసింది. 2012లో క్విక్‌ఆఫీస్‌ను కొన్న గూగుల్, మరుసటేడు సెప్టెంబరులో దాన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఐఫోన్లకూ ఊరికే ఇచ్చింది. అదే నెలలో యాపిల్, కొత్త ఐఫోను కొన్నవారికి పేజెస్, నంబర్స్, కీనోట్ ఉచితమని ప్రకటించింది. హైదరాబాదులో పుట్టి బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్నారు. మార్చి 27న ఐప్యాడ్‌లోకి ఆఫీస్ వచ్చింది. అయితే చదవడమే ఉచితం, ఒక్క అక్షరం మార్చాలన్నా ఆఫీస్ 365 చందా కట్టాల్సిందే. నవంబరు 6న ఆ షరతు ఎత్తేశారు. 2015 జనవరిలో ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లకూ, జూన్‌లో ఆండ్రాయిడ్ ఫోన్లకూ అదే వరుసలో వచ్చింది. మన పల్లెల దాకా చేరింది ఈ చివరిదే.

ఇందులో ఎవరి దానగుణమూ లేదు. జనం కంప్యూటరు ముందు నుంచి లేచి ఫోను పట్టుకున్నారు. రాయడానికి ఎవరి యాప్ చేతికి అలవాటైతే, దాచుకోవడానికి వాళ్ల క్లౌడ్‌నే ఆశ్రయిస్తారు, రేపు ఉద్యోగంలో దానికే చందా కట్టిస్తారు. లెక్క అది. గీతలు కూడా గీసే ఇచ్చారు. 10.1 అంగుళాలు దాటిన తెర మీద దిద్దుకోవాలంటే చందా కావాలి, వ్యాపార అవసరాలకు వాడినా కావాలి. ఎవరు ఏ మాట మార్చారో గుర్తుపెట్టి చూపించే సదుపాయం, అంటే సంపాదకుడికి నిత్యం కావలసింది, మొదట్లో చందాదారులకే దక్కింది. అయినా సరే, రాసేవాళ్లకు జరిగిన మేలును నేను తక్కువ చేసి చూడలేను. అంగన్‌వాడీ టీచరమ్మ కథ నా ముందుంది.

యాప్ ఉచితమైనంత మాత్రాన తెలుగు దానంతటది అందులోకి వచ్చి చేరలేదని కూడా చెప్పాలి. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, మన లిపికి చోటు దక్కింది. ఆ చోటులో అక్షరాలు అందంగా కూర్చోవడానికి తిరుమల కృష్ణ దేశికాచారి వంటివారు పోతన, వేమన ఫాంట్లు చేసి పైసా అడగకుండా పంచారు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తిమ్మన, సూరన్న, ధూర్జటి, గిడుగు వంటి ఫాంట్లు ఇవాళ ఎవరైనా దించుకోవచ్చు. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను విని రాసుకోవడం నేర్చింది. చేతులు వణికే ఒక పెద్దాయన అప్పటినుంచీ పద్యాలు నోటితో చెప్పి పంపుతున్నారు. ఫోను ఆయన సమాసాలను ముక్కలు చేస్తుంది, మేం అతుకుతాం. ఆ పద్యాలు ఆగిపోలేదు, నాకది చాలు.

లోపాలూ ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం చేరితే చాలు, దాన్ని చూపబోయి ఐఫోను యాప్‌లు కుప్పకూలాయి. వారం తిరక్కుండా యాపిల్ సరిచేసింది. కానీ విడుదలకు ముందు మన గుణింతాన్ని ఎంత శ్రద్ధగా పరీక్షిస్తున్నారో ఆ ఒక్క అక్షరం చెప్పింది. రాసేటప్పుడు తెలుగు తప్పును నమ్మకంగా పట్టిచ్చే సాధనం ఈ ఉచిత యాప్‌లలో నాకు ఇంకా దొరకలేదు.

వీటన్నిటికన్నా నన్ను వేధిస్తున్న విషయం వేరే ఉంది. పాత తరం రచయిత కన్నుమూస్తే ఇంట్లో ఒక ట్రంకుపెట్టె ఉండేది. అందులో అచ్చు కాని కథలు, సగం రాసిన నవల, ఉత్తరాలు. చెదలు పట్టినా, అటకెక్కినా, ఏ మనవరాలో ఒకరోజు దించి చూసేది. మరణానంతరం అచ్చయిన పుస్తకాలు ఎన్నో అలాంటి పెట్టెల్లోంచే వచ్చాయి. ఇవాళ ఆ పెట్టె గూగుల్ ఖాతాలోనో మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్‌లోనో ఉంది, తాళం రచయిత వేలిముద్రతో పోతుంది. వ్యక్తిగత ఖాతాను రెండేళ్లు ఎవరూ తెరవకపోతే అందులోని డాక్స్, డ్రైవ్, మెయిల్ సహా తొలగించవచ్చన్న నియమాన్ని గూగుల్ 2023లో తెచ్చింది, ఆ డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. సంవత్సరీకం పెట్టి, మరో ఏడు గడిచి, పిల్లలు తేరుకుని "నాన్న రాసినవి వెతుకుదాం" అనుకునే వేళకు అక్కడ ఏమీ ఉండకపోవచ్చు.

మా పత్రికకే ఒక దెబ్బ తగిలింది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మా సంచికలు ఒక డీటీపీ ఫాంటులో కూర్చేవాళ్లం. ఆ ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఆ ఫాంటు కొత్త కంప్యూటర్లలో ఎక్కదు, అమ్మినవాళ్లు పలకరు. అచ్చు ప్రతులు దాచుకున్న పాఠకులను బతిమాలి తెప్పించుకుని, ఆరు సంచికలు మళ్లీ మొదటి నుంచి టైపు చేశాం. ఏడో సంచిక ఇంకా దొరకలేదు. కడపలో సి.పి. బ్రౌన్ తాటాకు ప్రతులు సేకరించి, పండితులకు జీతాలిచ్చి కాగితాల మీదికి నకళ్లు ఎత్తించిన పని ఎంత పెద్దదో ఆ ఆరు సంచికలు టైపు చేస్తున్నప్పుడు నాకు అనుభవంలోకి వచ్చింది.

కాబట్టి మన రచయితలకు నా విన్నపం ఇది. ఉచిత యాప్‌లలో నిస్సంకోచంగా రాయండి. రాయడం ముగిసిన రోజే ఒక నకలు ఖాతా బయటికి తీయండి, పెన్‌డ్రైవ్ అయినా సరే, ఇంట్లో వాళ్ల మెయిల్ అయినా సరే. ముఖ్యమనుకున్నది ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. గూగుల్ ఖాతాలో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అని ఒకటుంది. మీరు చాలాకాలం ఖాతా తెరవకపోతే మీ రాతలు ఎవరికి అందాలో ముందే చెప్పుకోవచ్చు, 10 మంది దాకా పేర్లు ఇవ్వచ్చు. ఈ ఆదివారం పది నిమిషాలు దానికి కేటాయించండి. రచయితల పిల్లలు దీన్ని చదువుతుంటే, అమ్మానాన్నలతో పక్కన కూర్చుని మీరే చేయించండి.

మాకు పంపేవి యూనికోడ్‌లో పంపండి, ఏ యాప్‌లో రాసినా ఫరవాలేదు. ఫోను లేనివారు, ఫోను మీద రాయడం ఇష్టం లేనివారు ఎప్పటిలాగే కాగితానికి ఒకవైపు రాసి టపాలో పంపవచ్చు. తిరుగు టపాకు స్టాంపులు అక్కర్లేదు. టైపు చేయించడం మా పని. అసలు ప్రతి మీకు తిప్పి పంపుతాం.