స్క్రూడ్రైవర్ పడితే తౌహీనా?

ఈద్ రోజు మధ్యాహ్నం. షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా తీయలేదు. తొమ్మిదో క్లాసు చదివే మా అబ్బాయి హాల్లో పేపర్ పరిచి, నా చిన్నప్పటి వీడియో గేమ్ రిమోట్ విప్పుకుని కూర్చున్నాడు. మా దూల్హా భాయ్ చూశారు.

"ఏం మియా, ఇంగ్లీష్ మీడియం ఫీజులు కడుతున్నది వీడితో పంక్చర్ దుకాణం పెట్టించడానికా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు.

నా నవ్వు నాకే షరమ్‌గా ఉంది, అందుకే రాస్తున్నాను. దూల్హా భాయ్ ఇది చదువుతారని తెలుసు. చదవాలి కూడా.

వాడు చేస్తున్న పనేమిటో ముందు చూద్దాం. 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ ఫ్యామికామ్ తెచ్చింది. తొంభైల్లో మన బజార్లలో దొరికినవి ఎక్కువగా దాని నకళ్ళే. మారియో, కాంట్రా అన్నీ వాటి మీదే ఆడాం. ఆ రిమోట్‌లో ఒక్కో బటన్ కింద చిన్న గుంబద్ లాంటి రబ్బరు ఉంటుంది. గుంబద్ లోపల నల్లటి కార్బన్ బిళ్ళ. దాని కింద బోర్డు మీద రెండు దువ్వెనల పళ్ళు ఎదురెదురుగా దూర్చినట్టు గీతలుంటాయి, ఒకదానికొకటి తగలవు. బటన్ నొక్కితే గుంబద్ కుంగి, బిళ్ళ రెండు గీతల్నీ కలుపుతుంది. వదిలితే రబ్బరు దానంతటదే లేస్తుంది. స్విచ్ అంటే అంతే. ఏళ్ళ తరబడి నొక్కేసరికి కార్బన్ అరుగుతుంది, చెమటా జిడ్డూ చేరతాయి. కరెంటుకు దారి ఇరుకవుతుంది. మారియో గుంట అంచుకొచ్చి ఎగరడు, పడి చస్తాడు. మనం కోపంతో ఇంకా గట్టిగా నొక్కుతాం, రబ్బరు చిరుగుతుంది.

ఇలాజ్ కన్నా ముందు మర్జ్ తేల్చుకోవాలి కదా. మా వాడు అదే చేశాడు. చిన్న తీగముక్కతో బోర్డు మీద ఆ రెండు గీతల్నీ కలిపాడు. టీవీలో మారియో ఎగిరాడు. అంటే బోర్డు, వైరు సలామత్, ఖరాబీ రబ్బరుది. హకీమ్ నబ్జ్ పట్టడం అంటే ఇదే!

తర్వాత బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. (ఆల్కహాల్ అనగానే మా ఆపా ఉలిక్కిపడింది. తాగేది కాదు ఆపా, క్లినిక్‌లో సూది గుచ్చే ముందు రాసే బాపతు.) రబ్బరును సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఇసుక కాగితంతో గీకితే మిగిలిన కార్బన్ కూడా పోతుంది. బిళ్ళ మీద మెత్తటి పెన్సిల్ రుద్దితే కొన్నాళ్ళు నడుస్తుంది. పూర్తిగా అరిగితే పాత టీవీ రిమోట్ నుంచి బిళ్ళ కోసి సిలికాన్ జిగురుతో అంటించవచ్చు. గుంబదే చిరిగితే మాత్రం రబ్బరు మొత్తం మార్చాల్సిందే.

ఇందులో తౌహీన్ ఎక్కడుంది?

పంక్చర్‌వాలా అనేది మన మీదకి విసిరే రాయి. సోషల్ మీడియాలో ముస్లిం పేరు కనబడితే చాలు, ఎవడో ఒకడు విసురుతాడు. ఆ రాయిని మనమే ఏరుకొచ్చి, ఈద్ రోజు, మన బిడ్డ మీదే వేశాం.

హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం తన చెప్పులు తానే బాగు చేసుకునేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా రివాయత్ చేశారు. బయాన్‌లో విని సుబ్‌హానల్లాహ్ అంటాం, ఇంటికొచ్చి మెకానిక్‌ను చూసి ముఖం చిట్లిస్తాం. మరమ్మతు అనే మాట కూడా మన జబాన్ నుంచే తెలుగులోకి వెళ్ళింది. 2022లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. దునియా దాన్ని హక్ అంటుంటే మనం నామోషీ అంటున్నాం.

"కొత్తది బిర్యానీ ధరకే వస్తుంది కదా" అన్నారు. వస్తుంది. పారేసిన పాతది ఎక్కడికి పోతుంది? దేశమంతటి ఎలక్ట్రానిక్ చెత్తను విప్పి బతికే ఢిల్లీ సీలంపూర్ ఎవరి బస్తీ? తినే అన్నం మెతుకు దగ్గర ఇస్రాఫ్ గుర్తొచ్చే మనకు, ప్లాస్టిక్ సామాను పారేసేటప్పుడు ఎందుకు గుర్తు రాదు?

ఒక మాట ఒప్పుకుంటాను. గుర్బత్ వల్ల పన్నెండేళ్ళ పిల్లాడు బడి మాని స్పానర్ పట్టడం జుల్మ్. దాన్ని హునర్ అని పొగిడేవాళ్ళతో నాకు వేరే జగడా ఉంది. కానీ ఆ గుర్బత్ భయంతో, బడికెళ్ళే పిల్లాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కోవడం ఏం అకల్?

ఈద్ నుంచి వాడు దాన్ని ముట్టుకోలేదు. బోర్డు, రబ్బరు, స్క్రూలు అన్నీ దస్తీలో మూటగట్టి అల్మారాలో పెట్టాను. ఆదివారం ఇద్దరం కూర్చుంటాం. దూల్హా భాయ్, మీరూ రండి. ఇంట్లో పనికిరాని టీవీ రిమోట్ ఏదైనా ఉంటే తీసుకురండి, బిళ్ళ కావాలి.