సర్వం లాంచీ ఎక్కాడా?

ముందుగా ఓ చిన్న ప్రశ్న. ‘అమృతం’ సీరియల్లో అమృతరావుగా నటించింది ఎవరు?

శివాజీరాజా అన్నారా? మూడో వంతు మార్కులు. హర్షవర్ధన్ అన్నారా? మీకూ అంతే. ఆ ఇద్దరితో పాటు నరేష్ పేరు కూడా చెప్పినవాళ్లకే పూర్తి మార్కులు. ఒకే పాత్ర, ముగ్గురు నటులు. అయినా ఎవరినైనా కదిపి చూడండి, ఒక్క మొహమే గుర్తుకొస్తుంది. మిగతా ఇద్దరు చేసిన ఎపిసోడ్లలో కూడా మనసు తనకిష్టమైన మొహాన్నే అతికించేసుకుంటుంది. సంజు పాత్ర సంగతీ అదే. ఝాన్సీ అనేవాళ్లు కొందరు, సుప్రజ అనేవాళ్లు కొందరు. ఇద్దరూ చేశారు మరి!

ఆంజనేయులు దగ్గరకొచ్చేసరికి ఆ తికమక లేదు. అంజి అంటే గుండు హనుమంతరావే. విజయవాడ నాటకాల్లోంచి ‘అహ నా పెళ్లంట’తో 1987లో సినిమాల్లోకి వచ్చిన ఆయన, 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. ఆ రోజు చాలామంది ‘గుండు హనుమంతరావు పోయారు’ అనలేదు, ‘అంజి పోయాడు’ అన్నారు. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ పేరుతో మళ్లీ తీసినప్పుడు ఆ పాత్రను ఎల్బీ శ్రీరాం వేశారు. ఆయన ఎంత పెద్ద నటుడైనా, పాత అభిమానులు ముందు కాసేపు మొహం ముడుచుకునే చూశారు.

గుణ్ణం గంగరాజు నిర్మించిన ‘అమృతం’ జెమినీ టీవీలో 2001 నవంబరు 18న మొదలై, 2007 నవంబరు 18న ముగిసింది. మొత్తం 313 ఎపిసోడ్లు. ఆరేళ్ల ఆదివారాలు లెక్కేస్తే దాదాపు వారం తప్పలేదన్నమాట. సిరివెన్నెల రాసి, కల్యాణి మాలిక్ బాణీ కట్టిన టైటిల్ పాట వినపడగానే ఎక్కడివాళ్లక్కడ టీవీ ముందుకు చేరిపోయేవారు. ఆ పాట కూడా గమ్మత్తే. చిన్న కష్టానికే కంగారుపడిపోయే స్నేహితుణ్ని కూర్చోబెట్టి, ఇవీ ఒక కష్టాలేనా అని బుజ్జగించినట్టుంటుంది. హోటలు నడపడం చేతకాని ఇద్దరు మిత్రులు, వాళ్ల ఇద్దరు భార్యలు, అద్దె కోసం పీడించే అప్పాజీ, పనికన్నా మాటలు ఎక్కువైన సర్వం... ఇంతే సరంజామా. చంపుకోవడాలు, విషం పెట్టడాలు, అత్తల కుట్రలు లేవు. ఇడ్లీ బాగోకపోవడమే అందులో పెద్ద విషాదం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సీరియల్ని ప్రాణంగా చూసినవాళ్లకు అందులో ఎంత గుర్తుంది? ఈ ప్రశ్న నాది కాదు. విజయపురి సౌత్‌లో ఓ సంక్రాంతి సెలవుల్లో పుట్టింది. ఓ ఇంట్లో బంధువులంతా చేరినప్పుడు ‘నాకు అన్ని ఎపిసోడ్లూ కంఠతా వచ్చు’ అంటే ‘నాకూ వచ్చు’ అని పందెం దాకా వెళ్లిందట. ఆ ఇంటి మేనల్లుడు ప్రశ్నపత్రం తయారుచేశాడు. పోటీలో నలుగురు: ఆ ఇంటి అన్న, చెల్లెలు, మేనల్లుడి భార్య, పక్కింటి రిటైర్డ్ మాస్టారు. ఒకే ఒక్క ఎపిసోడ్. ఇరవై ప్రశ్నలు. ముందు జవాబులు రాయాలి, తరవాత యూట్యూబ్‌లో ఎపిసోడ్ చూసి మార్కులు వేసుకోవాలి. పేపరు దిద్దేటప్పుడు నేనక్కడున్నాను.

ఏ ఎపిసోడో మాత్రం ఇక్కడ రాయను. రాస్తే మీరు ముందు అది చూసొచ్చి, ఆనక ‘నాకు ఇరవైకి ఇరవై’ అంటారు.

ఈ ఊరి గురించి రెండు మాటలు చెప్పాలి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక, కుడిగట్టున ప్రాజెక్టు సిబ్బంది కోసం లేచిన కాలనీ ఇది. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. ఊరి పేరు మాత్రం చాలా పాతది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. నాగార్జునకొండకు లాంచీలు ఇక్కణ్నుంచి బయలుదేరతాయి. క్వార్టర్సులో పెరిగిన పిల్లలకు ఆటస్థలం, సినిమా, షికారు అన్నీ ఆ లాంచీ రేవే. చుట్టాలొస్తే తీసుకెళ్లేదీ అక్కడికే. ఈ లాంచీ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, పని పడుతుంది.

సరే, ఫలితాలు. డైలాగుల దగ్గర నలుగురూ పులులే. అప్పాజీ ఏమన్నాడు, దానికి అంజి ఎంతసేపు ఆగి ఏమన్నాడు, అప్పుడు సర్వం మొహం ఎలా పెట్టాడు... ఆ ఆగడంతో సహా చేసి చూపించారు. మాస్టారైతే కుర్చీలోంచి లేచి మరీ నటించారు. కానీ అంజి చొక్కా రంగు అడిగితే ముగ్గురు మూడు రంగులు రాశారు. తెరమీద నాలుగోది కనిపించింది. మొదటి మాట ఎవరిదన్న ప్రశ్నకు ఒక్కరూ సరిగ్గా రాయలేదు. అమృతంగా ఎవరున్నారంటే ఇద్దరు తప్పారు. మాస్టారు తప్పు ఒప్పుకోకుండా ‘అసలు ఎపిసోడ్‌ను తరవాత మార్చేశారు’ అని వాదించారు. టీచరు కదా!

నవ్వొచ్చే విషయమే కానీ, ఇందులో మాస్టారి తప్పేం లేదు. బార్ట్‌లెట్ అనే కేంబ్రిడ్జి ఆచార్యుడు దాదాపు వందేళ్ల కిందట ఇలాంటి పరీక్షే పెట్టాడు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి తన దగ్గరికొచ్చిన ఇంగ్లిషు వాళ్లకిచ్చి చదివించాడు. కొన్ని రోజులు, నెలలు ఆగి మళ్లీ చెప్పమన్నాడు. కథ చిన్నదైపోయింది, అదొక్కటే కాదు, వేషం కూడా మార్చుకుంది. అందులోని దోనె కాస్తా మామూలు పడవ అయింది. సీల్ జంతువుల వేట చేపల వేట అయింది. చెప్పినవాళ్లు అబద్ధమాడలేదు. తెలియని వస్తువు స్థానంలో మనసు తనకు తెలిసిన వస్తువును పెట్టుకుంది. ఆయన 1932లో అచ్చువేసిన పుస్తకం సారాంశం ఒక్కటే: జ్ఞాపకమంటే పెట్టెలో దాచిన ఫొటో కాదు, అడిగిన ప్రతిసారీ మళ్లీ కట్టుకునే ఇల్లు.

అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ 1974లో ఇంకో చిత్రం చేసింది. కార్లు గుద్దుకునే సినిమా ముక్క చూపించి, కొందరిని ‘కార్లు తగిలినప్పుడు వేగమెంత?’ అని, కొందరిని ‘నుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు వేగమెంత?’ అని అడిగింది. వారం తరవాత ‘అద్దాలు పగిలాయా?’ అంటే, పెద్ద మాట విన్న యాభైమందిలో 16 మంది అవునన్నారు. చిన్న మాట విన్న యాభైమందిలో అన్నది ఏడుగురే. నిజానికి సినిమాలో అద్దమే పగల్లేదు! ఒక్క మాట మారిస్తే కంటితో చూసిన దృశ్యమే మారిపోతోంది. ఇక ఇరవై ఏళ్ల కిందట ఆదివారం రాత్రి, అన్నం తింటూ, చెల్లెలితో జుట్లు పట్టుకుంటూ చూసిన ఎపిసోడ్ ఏం నిలుస్తుంది చెప్పండి?

పైగా అప్పట్లో మళ్లీ చూసుకునే వీలు కూడా తక్కువే. వారానికోసారి వచ్చేది. మనం చూస్తే చూసినట్టు, లేకపోతే పోయినట్టు. తప్పిపోయినవాళ్లకు దిక్కు సోమవారం బడి. ఎవడో ఒకడు డెస్కు ఎక్కి మొత్తం చెప్పేవాడు, సగం తన పైత్యం కలిపి. టీవీ లేని ఇళ్ల పిల్లలకు ‘అమృతం’ అంటే వాడు చెప్పిందే. ఆ పిల్లల్లో ఎంతమంది ఇవాళ ‘నేను చూశాను’ అని నమ్ముతున్నారో!

ఇక చివరి ప్రశ్న: ఎపిసోడ్ ఎలా ముగిసింది?

అన్న సరిగ్గా రాశాడు. మాస్టారు సగం సరిగ్గా రాశారు. చెల్లెలు అరపేజీ రాసింది. హోటల్లో ఇడ్లీలు మిగిలిపోతే సర్వం వాటిని గంపలో పెట్టుకుని లాంచీ ఎక్కి అమ్మబోతాడట. కొనేవాళ్లుండరు. ఒక ఇడ్లీ చెయ్యి జారి నీళ్లలో పడి, రాయిలాగా బుడుంగుమని మునిగిపోతుందట. అప్పాజీ గట్టున నిలబడి, మునిగిన ఇడ్లీకి కూడా అద్దె లెక్కేస్తాడట.

‘‘అమృత విలాస్‌లో లాంచీ ఎక్కడిదే తల్లీ?’’ అని అన్న పడీపడీ నవ్వాడు.

‘‘ఉంది అన్నయ్యా. నాకు కళ్లముందు కనిపిస్తోంది. సర్వం గంప నెత్తిమీద పెట్టుకుని ఎక్కుతాడు. నువ్వే మర్చిపోయావు.’’

ఎపిసోడ్ పెట్టారు. లాంచీ లేదు, గంప లేదు, నీళ్లు కూడా లేవు. అన్న రాసినట్టే ముగిసింది. ఆ అమ్మాయికి ముప్ఫై దగ్గర పడుతున్నాయి, హైదరాబాదులో ఉద్యోగం, పిల్లాడి తల్లి. ఆమె మొహం చూస్తే నాకే బాధేసింది. ‘వేరే ఎపిసోడ్ అయ్యుంటుంది’ అని రెండుసార్లు అంది. మేనల్లుడు ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు. 313లో ఎక్కడని వెతుకుతాడు?

అనుపు వెళ్లారా ఎప్పుడైనా? విజయపురి సౌత్ వెళితే తప్పకుండా చూడాలి. మెట్లు మెట్లుగా కూర్చునే ప్రేక్షకశాల ఉంది. ఇక్ష్వాకుల కాలంలో జనం కూర్చుని వినోదాలు చూశారంటారు. కానీ మనం చూసేది అది మొదట ఉన్న చోటు కాదు. ఆ చోటు నీళ్లకింద ఉంది. జలాశయం నిండేలోపు, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవి కొన్నింటిని కొండమీదికీ, అనుపుకూ చేర్చి మళ్లీ పేర్చారు. నిలబడి చూస్తుంటే మాత్రం ఇక్కడే పుట్టినట్టు అనిపిస్తుంది. ఆ అమ్మాయి అరపేజీ చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఆ లాంచీని ఎక్కణ్నుంచో తెచ్చి ఈ ఎపిసోడ్‌లో పేర్చింది. మరి అసలు చోటెక్కడ?

జవాబు వంటింట్లోంచి వచ్చింది. వాళ్లమ్మ అప్పటిదాకా ఈ పోటీని పట్టించుకోలేదు. అరిసెలు వత్తుకుంటూ ఉంది.

‘‘అది టీవీలోది కాదే. మీ నాన్న చెప్పింది’’ అంది.

ప్రాజెక్టులో పనిచేసిన ఆ తండ్రి 2011లో పోయారు. ఆవిడ చెప్పిన ప్రకారం, ఆ ఆదివారం ఎపిసోడ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. రెండో తరగతి చదివే పిల్ల ఏడుపు మొదలెట్టింది. ‘ఏడవబాకే, తరవాతేం జరుగుద్దో నాకు తెలుసు’ అని తండ్రి చీకట్లో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, మిగతా కథ అల్లి చెప్పారు. సర్వం గొంతు, అప్పాజీ గొంతు మార్చి మార్చి మరీ. ఇంటిముందు కనపడే ఊరే కథలోకొచ్చింది. హైదరాబాదు హోటలు ఇడ్లీలు సాగర్ లాంచీ ఎక్కాయి. కరెంటు వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది.

‘‘ఒక్కసారి కాదు, కరెంటు పోయినప్పుడల్లా ఇదే గోల. ఈ పిల్ల కరెంటు పోతే బాగుండని చూసేది’’ అంటూ ఆవిడ మళ్లీ పిండి తీసుకుంది.

అన్నకు పూర్తి మార్కులు ఎలా వచ్చాయో కూడా అప్పుడే తేలింది. అతనప్పుడు గురుకులం హాస్టల్లో ఉన్నాడు. అక్కడ ఆ రాత్రి కరెంటు పోలేదు. ఎపిసోడ్ మొత్తం చూశాడు, ముగింపుతో సహా.

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ‘‘అత్తయ్యా, మరి దీనికి మార్కు వెయ్యాలా, కొట్టెయ్యాలా?’’ అని మేనల్లుడు అడిగాడు. ‘‘ముందు అన్నాలకు లేవండి’’ అందావిడ. మాస్టారు లేచారు. మేనల్లుడు పేపర్లు మడతపెట్టాడు.

అన్న మాత్రం లేవలేదు. చెల్లెలి జవాబుపత్రం తీసి ఆ అరపేజీ మళ్లీ చదివాడు.

‘‘ఇడ్లీ మునిగాక ఏమైందన్నాడే నాన్న?’’

‘‘చేప వచ్చిందంట. వాసన చూసి, వెనక్కెళ్లిపోయిందంట.’’